ముందు బొమ్మ చూడండి

ఈ రోజుల్లో బొమ్మలు వేసే కుర్రవాడికి ఏదైనా ఫౌండేషన్ నుంచి సాయం కావాలంటే ముందుగా తయారు చేసుకోవలసింది బొమ్మ కాదు, ప్రపోజల్. ఏం చేయబోతున్నావు, ఎందుకు చేయబోతున్నావు, ఎన్ని నెలలు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఆఖరున జనానికి ఏం చూపిస్తావు, ఇవన్నీ వాళ్లు పెట్టిన పదాల లెక్క దాటకుండా రాయాలి. బడ్జెట్టు పట్టిక వేయాలి. ఇద్దరు పెద్దల చేత సిఫారసు ఉత్తరాలు రాయించుకోవాలి. ఇవన్నీ అయ్యాక, కట్ట అడుగున ఓ పదో పదిహేనో ఫొటోలు. ఆ ఫొటోలే బొమ్మలు. గోడంత కాన్వాసూ అరచేయంత ఎచింగూ కంప్యూటరు తెర మీద ఒకే కొలతకు వచ్చేస్తాయి. ప్లేటు అంచు కాగితంలోకి ఎంత దిగిందో, ఇంకు ఎక్కడ పలచబడిందో, రంగు మీద రంగు ఎన్ని పొరలు పడిందో ఆ తెర చెప్పదు. కుర్రవాడికి రాయడం వచ్చా రాదా అన్నది మాత్రం స్పష్టంగా తెలిసిపోతుంది.

మా రోజుల్లో ముందు బొమ్మ చూసేవారు. డ్రాయింగు మాస్టారుగా మొదలుపెట్టి, తర్వాత కాలేజీలో గ్రాఫిక్స్, అంటే ప్లేటు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే విద్య, చెప్పి, బతుకంతా ఈ పిల్లల మధ్యే గడిపినవాణ్ణి కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

మా రోజులంటే నా ఒక్కడి రోజులు కావు. మా గురువులు మాకు చెప్పినవీ, వాళ్ల గురువులు వాళ్లకు చెప్పినవీ కలిపి చూడండి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావు గీతలో పస ఉందని ఆయన కంటికి ఆనింది. ఆ పిల్లవాణ్ణి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్ దారి పట్టించాడు. రామారావు అక్కడ నేర్చుకుని, తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మశూచితో పోయారు. ఆయన బొమ్మలున్న గ్యాలరీ రాజమండ్రిలో ఇప్పటికీ ఉంది. అడవి బాపిరాజు గారు కూడా ఆ కూల్డ్రే నీడలో ఎదిగినవారే. ఒక్క మనిషికి చూసే కన్నుంటే ఒక ప్రాంతంలో ఎంత పని జరుగుతుందో ఆ గ్యాలరీలో గంటసేపు నిలబడితే తెలుస్తుంది.

ఇటు హైదరాబాదులో కొండపల్లి శేషగిరిరావు గారి చేతిని గుర్తుపట్టి ఆదుకున్నది నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. ఆ ఆసరాతోనే శేషగిరిరావు గారు శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. ఆ తర్వాతి తరంలో మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వచ్చిన లక్ష్మాగౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుంచి వచ్చిన తోట వైకుంఠం, ఇద్దరూ హైదరాబాదులో చదువు ముగించి బరోడా చేరారు. అక్కడ గురువుగా కె.జి. సుబ్రమణ్యన్ గారు ఉన్నారు. వైకుంఠం గారిని అక్కడికి పంపింది ఆంధ్రప్రదేశ్ లలితకళా అకాడమీ ఇచ్చిన ఫెలోషిప్. ఆయన అడ్డపంచెల అయ్యవార్లూ, నిండు కుంకుమ బొట్ల ఆడవాళ్లూ ఇవాళ దేశమంతా తెలుసు. ఆ ఫెలోషిప్ ఇచ్చిననాటికి ఆ బొమ్మలింకా పుట్టలేదు. ఏం పుడుతుందో ఇచ్చినవాళ్లకూ తెలియదు, తీసుకున్నాయనకూ తెలియదు. చెయ్యి చూశారు, పంపించారు. నేర్చుకోవడానికి ఇచ్చిన డబ్బు అది.

ఇక్కడ నా గొణుగుడు కాసేపు ఆపి చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఆ పద్ధతి అందరికీ అందలేదు. ఊరికొక కూల్డ్రే ఉండడు కదా. నవాబు గారి కంట పడాలంటే ముందు ఆయన ఉండే ఊళ్లో ఉండాలి, ఎవరో ఒకరు తీసుకెళ్లి పరిచయం చేయాలి. ఆడపిల్లలకు ఆ గుమ్మం దాకా నడిచి వెళ్లే వీలే లేదు. మా క్లాసులో నాకంటే నిక్కచ్చిగా గీసే అమ్మాయి ఉండేది. పెళ్లయింది, అంతటితో సరి. ఆ అమ్మాయి కోసం ఏ పెద్దమనిషీ ఉత్తరం రాయలేదు. ప్రభుత్వ అకాడమీ ఉంది కదా అంటారేమో, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం సాహిత్య, సంగీత, నాటక, లలితకళా అకాడమీలను రద్దు చేసింది. 1985లో వచ్చిన తెలుగు విశ్వవిద్యాలయంలో వాటిని కలిపేశారు గానీ, జిల్లాల నుంచి వచ్చిన పిల్లవాడికి అప్పటిదాకా ఉన్న ఆ కాస్త ఆసరా తెగిపోయింది. ఒక్క సంతకంతో పోయే ఆసరా మీద కళ బతకదు. అందుకే ఫౌండేషన్లు రావడం మంచిదే. రావలసిందే.

బెంగళూరులో ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ అని ఉంది. 1993లో పెట్టారు, 1995 నుంచి గ్రాంట్లు ఇస్తున్నారు. బొమ్మలకే కాదు, నాటకానికీ, నాట్యానికీ, సినిమాకీ, కళల మీద పరిశోధనకీ, బడిలో పిల్లలకు కళ నేర్పే మాస్టార్లకీ ఇస్తారు. కర్ణాటక సర్కారు బడుల్లో వాళ్లు చేసే పనికి 'కలి-కలిసు' అని పేరు. ఒక డ్రాయింగు మాస్టారు పాఠం చెప్పే తీరు మార్చుకోవడానికి కూడా ఎవరో డబ్బిస్తారని మా రోజుల్లో ఊహకైనా రాలేదు. మాకు సుద్దముక్కలు కూడా హెడ్మాస్టారి గదిలో లెక్కపెట్టి ఇచ్చేవారు. ఈ సంస్థ దరఖాస్తు ఇంగ్లీషులోనే ఉండాలని పట్టుబట్టదు, ఏ భారతీయ భాషలో రాసినా తీసుకుంటుంది. ఇది చాలా పెద్ద సంగతి. తెలుగులో రాసి పంపవచ్చునని మన ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఎంతమంది పిల్లలకు తెలుసు? నేను అడిగిన ప్రతివాడూ తెల్లమొహం వేశాడు. నోటీసు బోర్డు మీద ఫీజు గడువు కాగితం ఉంటుంది, ఇలాంటి కాగితం ఉండదు.

ఢిల్లీలో ఉన్న ఖోజ్ అనే సంస్థ 1997లో మోదీనగర్‌లో ఒక వర్క్‌షాపుగా మొదలైంది. తర్వాత ఖిడ్కీ గ్రామంలో స్టూడియోలు కట్టుకుని, కాలేజీ నుంచి అప్పుడే బయటపడ్డ పిల్లలను కొన్ని వారాలు అక్కడే ఉంచి పని చేసుకోనిస్తున్నారు. 2007లో పెట్టిన ఫౌండేషన్ ఫర్ ఇండియన్ కాంటెంపరరీ ఆర్ట్ కొత్తవాళ్లకు అవార్డులిస్తుంది, వీధిలో జనం మధ్య చేసే పనికి వేరే గ్రాంటు ఇస్తుంది. ఇన్లాక్స్ ఫౌండేషన్ వాళ్లు కుర్ర చిత్రకారులకు చాలాకాలంగా ఇస్తున్నారు. మన హైదరాబాదులోనే కృష్ణకృతి ఫౌండేషన్ ఆర్ట్ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిస్తోంది. వీళ్లు ఆదుకునే పనుల్లో చాలావాటిని ఏ గ్యాలరీ గోడకూ తగిలించలేరు, ఏ డ్రాయింగు రూముకూ అమ్మలేరు. ఒకడు ఊరి చెరువు ఎండిపోవడాన్ని ఏడాది పొడుగునా వీడియో తీస్తాడు. ఒకామె బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులకు అచ్చులు తీస్తుంది. నాకు వీడియోలు అంతగా పట్టవు. కానీ కొనేవాడు లేని పనికి కూడా కూలి దొరకాలి అన్నది న్యాయమైన మాట. మా రోజుల్లో ఆ న్యాయం లేదు. అమ్ముడుపోయే గణపతి వేసి, ఆ డబ్బుతో అమ్ముడుపోనిది వేసుకునేవాళ్లం.

మరి తిట్టడమెందుకంటారా? డబ్బు ఎటు నుంచి వస్తుందో, ఎలా నడుస్తుందో చూస్తే నా బాధ తెలుస్తుంది.

నవాబు తన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ఫౌండేషన్ అలా కాదు. అది ట్రస్టు. దాని డబ్బు ఎవరో ఇచ్చినది. పన్ను మినహాయింపు నిలవాలంటే ఏటా వచ్చిన ఆదాయంలో 85 శాతం చెప్పిన ధర్మానికే ఖర్చు పెట్టినట్టు చూపించాలి. విదేశాల నుంచి చందా తెచ్చుకుంటే దానికి వేరే చట్టం ఉంది. 2020లో దాన్ని ఇంకా బిగించారు. అలా వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదన్నారు. ఢిల్లీలో పెద్ద సంస్థ తెచ్చిన సొమ్ములో కొంత కరీంనగర్‌లో చిన్న సంఘానికి పంపి, మీ ఊరి పిల్లలను మీరే చూసుకోండి అనడానికి దారి మూసుకుపోయింది. కంపెనీల నుంచి తెచ్చుకుందామంటే 2013 కంపెనీల చట్టం ఉంది. ఆ చట్టం కిందికి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. ఏ పనులకు పెట్టవచ్చో ఏడో షెడ్యూలులో రాశారు. కళ, సంస్కృతి అన్న మాటలు ఉన్నాయి, వారసత్వ కట్టడాలున్నాయి, సంప్రదాయ కళలు, హస్తకళలు ఉన్నాయి. ఇవాళ బతికి ఉన్న పాతికేళ్ల పిల్ల ఇవాళ్టి బతుకు మీద వేసే బొమ్మకు పేరు పెట్టి చోటివ్వలేదు. కంపెనీలో ఆ ఫైలు చూసే ఉద్యోగికి భయం ఉంటుంది కదా. గుడి మండపం బాగుచేయిస్తే ఆడిటరు ప్రశ్నించడు. యాసిడ్ తిన్న జింకు ప్లేటుకు డబ్బిస్తే వంద ప్రశ్నలు. ఇంత పెద్ద కంపెనీలున్న హైదరాబాదులో కొత్త చిత్రకారుడికి ఆ 2 శాతంలోంచి చిల్లర కూడా రాలకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం.

కాబట్టి ఆ ప్రపోజలు, ఆ పట్టిక, ఆ వోచర్లు ఆడిటరు కోసం పుట్టినవి. ఉండనివ్వండి, కాదనను. ఒకరి డబ్బు ఖర్చు పెట్టేవాడు లెక్క చూపించాల్సిందే. నా తగాదా అంతా లెక్క కోసం పుట్టిన కాగితం మీదే చేతి బాగోగులు తేల్చేయడం గురించి.

మా శిష్యుడొకడు పాలమూరు వైపు నుంచి వచ్చాడు. తల్లిదండ్రులు వలసకూలీలు. వాడి ఎచింగులు చూస్తే పెద్దవాళ్లు కూడా ఆగిపోయేవారు. ట్రాక్టరు ట్రాలీలో నిలబడి పోయే జనం, మూటల మీద నిద్రపోయిన పిల్లలు, సన్నటి గీతతో, తెలుపును ఎక్కడ వదలాలో తెలిసిన గీతతో వేసేవాడు. ఒక సంస్థ గ్రాంటుకు దరఖాస్తు పెడదామన్నాడు. ఇంగ్లీషులో రాయడానికి సీనియరు ఒకతను సాయం పట్టాడు. ఆ ప్రపోజలు నాకు చూపించారు. స్మృతి, దేహం, స్థానభ్రంశం, ఇలాంటి వాటికి ఇంగ్లీషు మాటలు నిండా ఉన్నాయి. వాళ్ల అమ్మ పుణె దగ్గర మట్టి మోసిన సంగతి ఎక్కడా లేదు. ఇదేమిట్రా అంటే, "ఇట్ల రాస్తేనే ఇస్తరంట సార్" అన్నాడు. ఇవ్వలేదు. రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఎవరూ ఆ ప్రింట్లను చేతిలోకి తీసుకుని చూడలేదు. వాడిప్పుడు ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో ఉన్నాడు. ఎన్నికలొస్తే రాత్రింబవళ్లు పని.

గ్రాంటు అంటే ఏడాది, మహా అయితే ఏడాదిన్నర. అందులో మొదటి నెలలు డబ్బు బ్యాంకులో పడటానికి, మధ్యలో సగం రిపోర్టు, చివర్లో పూర్తి రిపోర్టు, దాంతో పాటు జనానికి చూపించే కార్యక్రమం. పని చేసుకునే నెలలెన్నో మీరే లెక్కేసుకోండి. పైగా ఏం వస్తుందో ముందే చెప్పాలి. గ్రాఫిక్స్ చేసినవాణ్ణి అడగండి, అది ఎంత అన్యాయమో చెబుతాడు. జింకు ప్లేటు మీద యాసిడ్ తగలకుండా గ్రౌండు పూసి, సూదితో గీసి, నైట్రిక్ యాసిడ్‌లో దించుతాం. ఎండాకాలం ఒక తీరున తింటుంది, వానాకాలం ఇంకో తీరున. ఒక్కోసారి గ్రౌండు లేచిపోయి, మనం అనుకోని చోట ప్లేటంతా గుంతలు పడుతుంది. దాన్ని కడిగి, ఇంకు పట్టించి, తుడిచి, తడి కాగితం వేసి ప్రెస్సులోంచి లాగి, కాగితం మూల పట్టుకుని పైకి లేపితే తప్ప ఏం వచ్చిందో గురువుకు కూడా తెలియదు. మంచి ప్రింట్లు చాలావాటికి ఆ అనుకోని గుంతలే ప్రాణం. వాటిని చూసి ఆ దారినే పోనివ్వాలి. ముందుగా రాసిచ్చిన మాటకు కట్టుబడితే ఆ ప్లేటును పారేయాలి. బరోడాకో శాంతినికేతన్‌కో పంపిన పాత పెద్దలు ఈ స్వేచ్ఛను ఇచ్చారు. నెలకు ఇంత అని పంపించి, పని చేసుకో అన్నారు. డబ్బు చాలేది కాదు. ఒకే ప్లేటును రెండువైపులా వాడుకునేవాళ్లం, అరగదీసి మళ్లీ గీసేవాళ్లం. కానీ రోజు మాది.

ప్రెస్సు మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను, ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ. ఎచింగు నేర్చిన పిల్లవాడు కాలేజీ గేటు దాటిన మర్నాటి నుంచి వాడికి ప్రెస్సు దొరకదు. కొనలేడు, కొన్నా అద్దె గదిలో పెట్టలేడు. ఐదేళ్లు చెమటోడ్చి నేర్చిన విద్య అక్కడితో ఆగుతుంది. కేంద్ర లలితకళా అకాడమీ 1954లో పుట్టి, 1976లో ఢిల్లీ గఢీలో స్టూడియోలు పెట్టింది. అక్కడికి వెళ్లి తక్కువ రుసుముకు ప్రెస్సు మీద పని చేసుకోవచ్చు. మనవాళ్లు అదే అకాడమీకి ఉన్న మద్రాసు కేంద్రానికి పోయేవారు. అదే మద్రాసు పక్కన 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ గారి వెంట నడిచిన కళాకారులు చోళమండల్ కట్టుకున్నారు. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బాటిక్ గుడ్డలు, చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో నేల కొన్నారు, ఇళ్లు కట్టుకున్నారు, మిగిలిన పొద్దంతా తమ బొమ్మలు వేసుకున్నారు. ఈ రోజు ఆ సముద్రపొడ్డున అడుగు నేల కొనే చిత్రకారుడెవడు? కాబట్టి ఫౌండేషన్లు చేయవలసిన పని ఇది. హైదరాబాదులో ఒకటి, విశాఖలో ఒకటి, ఓ షెడ్డు, రెండు ప్రెస్సులు, యాసిడ్‌కు గాలి ఆడే గది, చూసుకోవడానికి పని తెలిసిన మనిషి. ప్రెస్సు సరిగా చూసుకుంటే తరాలు నడుస్తుంది. కానీ షెడ్డుకు ప్రారంభోత్సవం ఒక్కసారే జరుగుతుంది. ఉత్సవమైతే ఏటా జరుగుతుంది, దాతల ఫొటోలు ఏటా పేపర్లో పడతాయి. అందుకే ఉత్సవాలకు దొరికే డబ్బు షెడ్డుకు దొరకదు.

ఉత్సవాలు వద్దనడం లేదు. కొచ్చి చూడండి. 2010లో బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము కలిసి కొచ్చి బియెనాలే ఫౌండేషన్ పెట్టారు. 2012 డిసెంబరు 12న మొదటి బియెనాలే, అంటే రెండేళ్లకోసారి పెట్టే కళా ఉత్సవం, తెరిచారు. ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరిల్లో పాతబడ్డ మిరియాల గోదాములు, ఆస్పిన్‌వాల్ హౌస్ లాంటి వర్తకుల కొట్లు బొమ్మల ఇళ్లయ్యాయి. సర్కారు కొంత ఇచ్చింది, దాతలు కొంత, చాలక కళాకారులే కొంత సర్దారు. చేపలు పట్టేవాళ్లూ ఆటోవాళ్లూ కుటుంబాలతో వచ్చి చూశారు. 2014 నుంచి దానికి పక్కనే స్టూడెంట్స్ బియెనాలే జరుపుతున్నారు. దేశంలో సర్కారు ఆర్ట్ కాలేజీలకు క్యూరేటర్లను పంపించి, పిల్లల పని చూసి, ఎంచి, కొచ్చికి తెచ్చి గోడ ఇస్తారు. గమనించండి, అక్కడ చూసేవాళ్లు కాలేజీకి వెళ్తారు. నేను అడిగేది అదే. మరి అంత సొమ్మున్న హైదరాబాదులో, మాసాబ్‌ట్యాంకు ఫైన్ ఆర్ట్స్ కాలేజీ పిల్లల పని చూడటానికి ఊళ్లోని సంస్థలవాళ్లు ఎంతమంది మెట్లెక్కుతున్నారు?

ఒక సంస్థ సమావేశానికి నన్నూ పిలిచారు. మీ సెలెక్షన్ కమిటీలో జిల్లాల్లో పాఠం చెప్పిన మాస్టారికి ఒక కుర్చీ వేయండి, ఏడాదికి రెండుసార్లు ఊళ్లు తిరిగి రమ్మనండి అన్నాను. మంచి సూచన అన్నారు, రాసుకున్నారు. తర్వాత ఒకతను పక్కకు తీసుకెళ్లి, ప్రయాణాలకు బడ్జెట్‌లో పద్దు లేదండీ అన్నాడు. ప్రారంభోత్సవానికి ఢిల్లీ నుంచి విమానంలో వచ్చిన అతిథులు అదే హాల్లో టీ తాగుతున్నారు.

అయ్యా, ఫౌండేషన్ పెద్దలూ, ఏడాది చివర మార్చిలోనో ఏప్రిల్‌లోనో మా కాలేజీల్లో పిల్లలు వార్షిక ప్రదర్శన పెడతారు. హైదరాబాదులో, విశాఖలో, కడపలో. తేదీ ముందే చెబుతారు. ఆ రోజు రండి. పిల్లవాడు తెలుగులో చెప్పింది వినండి. ప్లేటు అడగండి, ప్రింటు చేతిలోకి తీసుకోండి, పాత స్కెచ్చు పుస్తకాలు తిప్పండి. నచ్చిన చేతుల పేర్లు రాసుకోండి, ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి వాళ్లు ఇంకా వేస్తున్నారో లేదో చూడండి. ఆ తర్వాత మీ ఫారం తీయండి, నింపడానికి మేం కూర్చుంటాం, వోచర్లు మేం అతికిస్తాం. ప్రయాణానికి పద్దు లేకపోతే రైలు టిక్కెట్లు మేం కొంటాం. రిటైరైన మాస్టార్లం, పింఛను వస్తోంది.